మర వైపు కిటికీ

మా వియ్యపురాలు సామ్రాజ్యమ్మ ఆ ఎండాకాలం మా ఇంటికి మొదటిసారి వచ్చింది ఫాల్గుణ మాసం చివర్లో. అప్పటికి మా అమ్మాయి ప్రసన్నకు ఏడో నెల దాటింది. పురిటికి తీసుకొచ్చి ఎన్నాళ్ళో కాలేదు. ఆవిడ చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, నేరుగా పురిటికని మేము ఖాళీ చేసి ఉంచిన గదిలోకి వెళ్ళింది. గోడకి అరచెయ్యి ఆనించి చూసింది. తలెత్తి స్లాబు కేసి చూసింది. తర్వాత వరండాలోకి వచ్చి నా ఎదురుగా కుర్చీలో కూర్చుంది. మజ్జిగ గ్లాసు అందుకోకుండానే మొదలుపెట్టింది.

"అన్నయ్యగారూ, పిడుగురాళ్ళలో సున్నం బట్టీలు చానా చూశా. మీ రాజుపాలెంలో కూడా ఒకటుందని ఇవాళే తెలిసింది."

నా భార్య కోటేశ్వరి చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది.

"ఇప్పుడే ఇట్టా ఉంటే వైశాఖంలో పిల్లదాని గతేంది? ఏసీ పెట్టించండి. లేదంటే పురుడు మా నరసరావుపేటలోనే పోసుకుంటాం. మా ఇంట్లో రెండు గదుల్లోనూ ఏసీలే."

"మొదటి కాన్పు పుట్టింట్లోగా వదినా," అంది కోటేశ్వరి.

"పుట్టింట్లోనే. ఎవరు కాదన్నారు? పుట్టిల్లయితే చాలదు, పొయ్యి కాకుండా ఉండాలి." ఆవిడ గొంతు తగ్గించింది. తగ్గించినా వీధిలోకి వినబడేలాగే తగ్గించింది. "ఇబ్బందయితే చెప్పండి, మేమే ఒకటి పంపిస్తాం. మనలో మనకేంది."

ఆ చివరి మాట నవ్వుతూ అంది. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎలా ఉందో గాని, వంటింటి గడప మీద కూర్చున్న మా అమ్మ పిచ్చమ్మ నా కేసి చూసి మొహం తిప్పేసుకుంది.

నాకు పిండి మర ఉంది. ఇంటి ముందు రేకుల షెడ్డులో ఒక మర పిండికి, ఒక మర కారానికి. మా పల్నాడులో మాఘం నుంచి వైశాఖం దాకా ప్రతి ఇల్లూ ఏడాదికి సరిపడా కారం పట్టించుకుంటుంది. ఆ మూడు నాలుగు నెలల రాబడే మాకు మిగతా ఏడాదికి ఆధారం. పురిటి గది ఆ షెడ్డుకి ఎదురుగానే ఉంటుంది. ఒక పక్క పొరుగువాళ్ళ గోడ, ఇంకో పక్క వంటిల్లు, మూడో పక్క హాలు. గదికి ఉన్నది ఒకటే కిటికీ, అది మర వైపు.

మర మీద బతికేవాడికి కరెంటు సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. బిల్లులో యూనిట్ల కింద సర్దుబాటు అని ఇంకో వరస చేరింది. ఎప్పుడో వాడిన దానికి ఇప్పుడు కట్టమంటారు. ఇక్కడేమో కిలోకి ఒక్క రూపాయి పెంచితే ఆడవాళ్ళు బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోతారు. పైగా మర స్టార్టర్ నొక్కితే ఇంట్లో బల్బులు గుడ్డివవుతాయి. అంత వోల్టేజీలో ఏసీ ఏం తిరుగుతుంది?

ఇదంతా ఆ సాయంత్రం కోటేశ్వరికి చెప్పాను.

"ఇవన్నీ నాకెందుకయ్యా? ఆవిడ నోరు మూయించటానికైనా పెట్టించు," అంది.

"నోరు మూయించే మిషన్లు అల్తాఫ్ ఏసీల షాపులో అమ్మట్లేదే."

"వేళాకోళాలకేం తక్కువ లేదు. రేపు పిల్లదాన్ని వాళ్ళు కారెక్కించుకుని పోతే, ఈ వీధిలో తలెత్తుకుని తిరిగేది నేనా నువ్వా?"

మా అమ్మది మూడో దారి. "ఏసీ వద్దు, కూలర్ వద్దు. బాలింతకి అసలు గాలే తగలకూడదురా. చెవుల్లో దూది పెట్టి, తలకి గుడ్డ కట్టి, కిటికీ మూసి సాంబ్రాణి వెయ్యాలి. నిన్ను రోహిణి కార్తెలో కన్నా. బతకలా నువ్వు?"

"అప్పుడు మనది తాటాకిల్లమ్మా."

"ఏ ఇల్లయితేనేం? పద్ధతి పద్ధతే."

నేను పద్ధతులు కాదనేవాణ్ణి కాదు. కోటప్పకొండ తిరునాళ్ళ ఏనాడూ తప్పలేదు. పొద్దున్నే దీపం పెట్టందే స్టార్టర్ ముట్టుకోను. కాని ఒక సందేహం మాత్రం మనసులో తిరుగుతూనే ఉండేది. తలుపులు మూయమన్న పెద్దలు తాటాకు కింద కూర్చుని ఆ మాట చెప్పారు. స్లాబు కింద కూర్చున్నా అదే మాట చెప్పేవాళ్ళా? దేవుడు వాళ్ళ చేత చెప్పించింది బిడ్డను కాపాడమనా, కిటికీ మూయమనా?

సత్తెనపల్లిలో అల్తాఫ్ షాపుకి వెళ్ళాను. ఏసీ పక్కన నిలబడి చల్లగాలి పోసుకుంటూ రేటు అడిగాను. పక్కనే కూలర్ రేటు కూడా అడిగాను. బస్సులో తిరిగి వస్తుంటే లెక్క తేలింది. ఆ గదికి ఎండ పడేది నెత్తి మీదే. స్లాబు పగలంతా వేడి తాగి రాత్రంతా కక్కుతుంది. ముందు ఆ నెత్తిని చల్లబరిస్తే, మిగిలిన వేడికి కూలర్ చాలు.

పిడుగురాళ్ళ నుంచి సున్నం తెప్పించాను. డ్రమ్ములో నీళ్ళు పోస్తే రాళ్ళు బుసలు కొడుతూ ఉడికాయి. చల్లారాక జిగురు కలిపి, నేనూ కోటేశ్వరీ తెల్లవారకముందే డాబా ఎక్కి చీపుళ్ళతో పూతలు వేశాం. పక్కవీధి అంకారావు పొలం వెళ్తూ ఆగాడు.

"ఏంది బావా, ఇంటికి సున్నం కొట్టేవాళ్ళని చూశా గాని, గద్దలకి కనబడేట్టు కొట్టేవాణ్ణి నిన్నే చూశా!"

"గద్దలేగా చూసేది, నీకేం నష్టం?" అన్నాను.

మధ్యాహ్నానికి పొరుగు మేడ మీద నుంచి ఇంకో గొంతు లేచింది. "మీ డాబా తెలుపు మా కళ్ళల్లో పొడుస్తోంది! ఊళ్ళో లేని వేషాలు మీకేనా?" అని ఆ ఇంటి ఇల్లాలు. మా రెండిళ్ళకీ మాటల్లేక చాలా కాలమైంది. మళ్ళీ మాటలు కలిసింది ఇలా.

అయినా సున్నం పని చేసింది. మిట్టమధ్యాహ్నం డాబా మీద ఉత్త కాళ్ళతో నిలబడగలిగాను. కింద గదిలో మా అమ్మ విసనకర్ర పక్కన పడేసి నిద్రపోయింది. లేచాక అడిగితే, "ఇవాళ మబ్బు పట్టిందిగా," అంది. ఆకాశంలో మబ్బు తునక లేదు.

కబురు నరసరావుపేట చేరటానికి ఎంతోసేపు పట్టలేదు. సామ్రాజ్యమ్మ ఫోన్ చేసింది. "సున్నం కొట్టించారంటగా అన్నయ్యగారూ. ఏసీ రిమోటు ఎక్కడ దాచారు, సున్నం డ్రమ్ములోనా?"

వైశాఖం మొదట్లో నరసరావుపేట ఆస్పత్రిలో ప్రసన్నకి ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డలు క్షేమం. ఆస్పత్రి గుమ్మంలోనే మళ్ళీ పేచీ. "మా ఇల్లు రెండు వీధుల అవతలే, ఇటు నుంచి ఇటే తీసుకుపోతాం," అంది సామ్రాజ్యమ్మ. అల్లుడు మహేష్ తల్లి వైపూ, మా వైపూ చూసి కారు తాళాలు తిప్పుకుంటూ నిలబడ్డాడు. ప్రసన్నే బిడ్డనెత్తుకుని మా ఆటో ఎక్కింది.

"ఒక్క చెమటపొక్కు కనబడనీ, ఆ రోజే తీసుకుపోతా," అంది సామ్రాజ్యమ్మ, ఆటోలోకి తల పెట్టి.

కూలర్ కొన్నాను. కిటికీ బయట ఇనప స్టాండు మీద, వీపు మర వైపుకి, మూతి కిటికీ కేసి ఉండేలా బిగించాను. కిటికీ రెక్కలు లోపలి నుంచి మూసుకోవచ్చు. లోపలికొచ్చిన గాలి బయటికి పోవటానికి హాలు తలుపు ఓరగా తెరిచి ఉంచాలి. అమ్మ ఒప్పుకోలేదు. నేను మొదటిసారి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని బతిమాలాను. చివరికి ప్రసన్న చెవుల్లో రెండింతలు దూది కూరి, తలకి తువ్వాలు చుట్టి, మంచం గాలికి ఎదురుగా లేకుండా మూలకి జరిపించి, "ఏదన్నా అయితే నీ పాపం," అని వదిలేసింది.

కూలర్ వీపు కారం మర వైపు ఉంది కాబట్టి ఒక కట్టడి పెట్టుకున్నాం. పొద్దున్నే కిటికీ మూసి కారం పట్టాలి. ఎండెక్కాక కారం మర ఆపి కూలర్ వెయ్యాలి. మధ్యాహ్నం ఎవరు మిరపకాయలు తెచ్చినా రేపు రమ్మనటమే. కొందరు తిట్టారు, కొందరు బుట్ట మా దగ్గరే పెట్టి వెళ్ళారు. పాపాయి మధ్యాహ్నాలు హాయిగా నిద్రపోయేది. మైల తీరేదాకా నేను పురిటి గది గడప దాటకూడదని అమ్మ ఆజ్ఞ. దేవుడి గదిలో దీపం కూడా లేదు. వరండాలో కూర్చుని, మనసులో అనుకుంటే మైల అంటదు కదా అని కోటయ్య సామిని తలుచుకుంటూ, కూలర్ చప్పుడు వింటూ ఉండేవాణ్ణి.

ఇంకా పురుడు తీరకముందే ఒక మధ్యాహ్నం సామ్రాజ్యమ్మ కారు వచ్చి ఆగింది. వెంట ఇద్దరు బంధువులు, మనవరాలికి గౌన్లు, వెనక డిక్కీలో మిరపకాయల బస్తా.

"మా ఏడాది కారం అన్నయ్యగారూ. తొడిమలు తీయించి, ఎండబెట్టి తెచ్చా. మేం వెళ్ళేలోగా పట్టించి పెట్టండి."

"రేపు పొద్దున పట్టి, నేనే తెచ్చిస్తా చెల్లెమ్మా. మధ్యాహ్నం కారం ముట్టుకోం. కూలర్ తిరుగుతుంది."

"ఓ గంట కూలర్ ఆగితే కొంప మునుగుద్దా?" అని వెంట వచ్చిన వాళ్ళ వైపు తిరిగింది. "చూశావా పిన్నీ, ఊరందరి కారం పట్టే మర, వియ్యపురాలి కారం అనేసరికి పని చెయ్యదంట."

కోటేశ్వరి ఆవిడ వెనక నిలబడి నాకు కళ్ళతో దణ్ణం పెట్టింది. నేను ఇంకోసారి వద్దని అనలేకపోయాను. "కూలర్ ఆపి, కిటికీ మూసెయ్. నేను చెప్పేదాకా తియ్యొద్దు," అని కోటేశ్వరికి రెండుసార్లు చెప్పి, కిటికీ మూసుకున్నాక షెడ్డులోకి వెళ్ళి స్టార్టర్ నొక్కాను.

కారం మర తిరిగేటప్పుడు పక్కన పిడుగు పడినా వినబడదు. బ్లోయరుకి గుడ్డ సంచీ ఎంత గట్టిగా కట్టినా షెడ్డులో ఎర్రటి పొగ లేస్తుంది. సగం బస్తా అయ్యాక ముక్కు తుడుచుకోవటానికి తలెత్తాను. ఆ ఎర్రటి పొగ షెడ్డులో నిలబడటం లేదు. వాకిలి దాటి, తాడు పట్టి లాగుతున్నట్టు మా కిటికీ వైపు పోతోంది. కూలర్ తిరుగుతోంది. దాని వీపున తడిసిన గడ్డి పలక ఎర్రగా ఉంది.

స్టార్టర్ మీద ఎర్ర బటన్ కొట్టి పరిగెత్తాను. హాల్లోంచి తుమ్ములూ దగ్గులూ. సామ్రాజ్యమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని గుమ్మానికి గుద్దుకుంటూ బయటపడింది. వెంట వచ్చిన ఇద్దరూ వాకిట్లో కూలబడి కళ్ళు నులుముకుంటున్నారు. లోపల పాపాయి ఏడుపు ఆగి ఆగి వస్తోంది. నేను లోపలికి వెళ్ళాను. ప్రసన్న గోడ వైపు తిరిగి, బిడ్డ మీద ఒళ్ళంతా కప్పి కూర్చుని ఉంది. ఇద్దరినీ లేపి, వంటింట్లోంచి పెరట్లోకి తీసుకెళ్ళి, చల్లటి నీళ్ళతో పాపాయి కళ్ళు కడిగించాను. ఆ నీళ్ళు పోస్తుంటే గాని నేను గడప దాటానన్న సంగతి నాకు గుర్తు రాలేదు. అమ్మ పక్కనే చెంబు పట్టుకుని నిలబడింది. ఆవిడా ఆ మాట ఎత్తలేదు.

ఊళ్ళో డాక్టరు వచ్చి చూసి, భయం లేదు, రెండు రోజులు కళ్ళు ఎర్రగా ఉంటాయన్నాడు. అప్పుడు మొదలైంది గొడవ.

"కూలర్ ఎవరు వేశారు?" అన్నాను.

"నేనే వేశా," అంది సామ్రాజ్యమ్మ. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. "కిటికీ తీసి మరీ వేశా. ఆ ఉక్కలో ఊపిరాడక చావమంటారా? కూలర్లో కారం పోసుకునే కొంప ఈ భూమ్మీద ఉందని నాకేం తెలుసు?"

"వెయ్యొద్దని చెప్పా వదినా, మీరు వినలా," అంది కోటేశ్వరి.

"ఏమ్మా, తప్పు నాదా ఇప్పుడు? ఏసీ పెట్టమంటే పిసినారితనం చేసి, పసిగుడ్డు కళ్ళల్లో కారం కొట్టింది మీరు! రేపు మా వాడు కారేసుకుని వస్తాడు. సర్ది పెట్టండి."

పట్టిన సగం కారం, పట్టని సగం కాయలు కారులో వేయించుకునే వెళ్ళింది.

సాయంత్రం ప్రసన్న గది గుమ్మం దగ్గర నిలబడ్డాను. అది పాపాయిని ఒళ్ళో పెట్టుకుని, తల ఎత్తకుండానే అంది. "ఆవిడంటే సరే నాన్నా. ఆవిడ ఎప్పుడూ అంతే. నువ్వు వద్దని ఇంకొక్కసారి గట్టిగా అంటే సరిపోయేది."



మర్నాడు పొద్దున్నే షెడ్డులోకి వెళ్ళాను. అలవాటు కొద్దీ చేతులు జోడించాను. దీపం లేదు కదా, ఉత్త చేతులే. ఏసీ పెడితే కిటికీ మూసుకోవచ్చు, మర తిప్పుకోవచ్చు, వియ్యపురాలి నోరూ మూతపడొచ్చు. దాని బిల్లు కట్టటానికి ఇంకా ఎక్కువ కారం పట్టాలి. ఎక్కువ పడితే ఆ కిటికీ ఇక ఎన్నటికీ తెరవలేం. నేను దేవుణ్ణి అడిగింది ఒకటే, ఇందులో నా పంతం ఎంత, నా బిడ్డ మేలు ఎంత అని. ఆయన చెప్పలేదు. పానా తీసుకుని కారం మర బెల్టు విప్పేశాను. షెడ్డంతా కడిగాను. కూలర్ గడ్డి పలకలు తీసి పారేసి కొత్తవి పెట్టాను.

అంకారావు మిరపకాయల బుట్టతో వచ్చాడు. "ఏంది బావా, బెల్టు తెగిందా?"

"తీసేశా. కారం పట్టను."

"ఈ ఒక్క బుట్ట పట్టి తీసెయ్."

"ఈ ఒక్క బుట్టా పట్టను."

"సీజన్లో మర ఆపేవాణ్ణి చూళ్ళేదయ్యా! కూతురి పురిటికి మరకి కూడా పురుడొచ్చిందంటారు ఊళ్ళో!" అని బుట్ట ఎత్తుకుని పక్కవీధి మరకి పోయాడు. అతని వెనకే ఊరూ పోయింది.

పదిగంటలకి సామ్రాజ్యమ్మ వచ్చింది. ముందు మహేష్ కారు, వెనక అల్తాఫ్ ఆటో. ఆటోలో అట్టపెట్టెలో ఏసీ. ఆవిడ కారు దిగి వాకిట్లోనే నిలబడింది. వీధి వీధంతా అరుగుల మీదికి వచ్చింది.

"అన్నయ్యగారూ, ఏసీ దించమంటారా, పిల్లని ఎక్కించమంటారా?"

కోటేశ్వరి నా చెయ్యి గిల్లింది. దించమనమని ఆ గిల్లుడు.

"రెండూ వద్దు చెల్లెమ్మా," అన్నాను.

"ఏందీ?"

"ఏసీ వద్దు. పిల్ల మూడో నెల దాకా ఇక్కడే ఉంటుంది."

"మళ్ళీ కారం కొట్టటానికా?"

"కారం మర లేదు."

మహేష్ షెడ్డులోకి వెళ్ళాడు. బెల్టు లేని మర చుట్టూ ఒకసారి తిరిగాడు. బయటికి వచ్చి, కిటికీ దగ్గర కూలర్ వీపుకి చెయ్యి పెట్టి చూసుకున్నాడు. తర్వాత లోపలికెళ్ళి ప్రసన్నతో ఏదో మాట్లాడాడు. వచ్చి, "అల్తాఫ్, బండి తిప్పు," అన్నాడు.

"ఒరేయ్!" అంది తల్లి.

"పదమ్మా. ఎండగా ఉంది."

సామ్రాజ్యమ్మ నా మొహంలోకి చూసింది. "నా కొడుకుని కూడా మాయ చేశారు. మంచిది. ఇంక ఈ ఇంట్లో మంచినీళ్ళు ముట్టను," అని కారు తలుపు ధడాలున వేసింది. పాపాయిని ఉయ్యాల్లో వేసిన రోజు కూడా మహేష్ ఒక్కడే వచ్చాడు.

రోహిణి కార్తె ఆ ఏడు నిజంగానే బట్టీలా గడిచింది. మధ్యాహ్నాలు మా ఇంటిల్లిపాదీ ఆ గదిలోనే ఉండేవాళ్ళం. అమ్మ సాంబ్రాణి మానలేదు, కిటికీ మాత్రం మూయమనటం మానేసింది. కరెంటు పోయినప్పుడు కిటికీలోంచి మామూలు గాలి వచ్చేది, ఘాటు లేకుండా. ఇంటి బిల్లు అనుకున్నదానికంటే తక్కువే వచ్చింది. మర మీద రాబడి అంతకంటే తక్కువ వచ్చింది. కోటేశ్వరి ఆ ఏడు కొత్త చీర మాట ఎత్తలేదు గాని, అంట్లు తోమేటప్పుడు గిన్నెలు గట్టిగా పెట్టేది.

తొలకరి పడ్డాక ప్రసన్న అత్తారింటికి బయల్దేరే రోజు వచ్చింది. మనవరాల్ని తీసుకెళ్ళటానికి నాయనమ్మ రావటం ఆనవాయితీ, అందుకని సామ్రాజ్యమ్మ రాక తప్పలేదు. వరండాలో కుర్చీ వేసినా కూర్చోలేదు. కోటేశ్వరి నీళ్ళిస్తే చెయ్యి అడ్డం పెట్టింది. ప్రసన్న పాపాయిని తెచ్చి ఆవిడ చేతుల్లో పెట్టింది. ఆవిడ గౌను పైకెత్తి వీపు చూసింది, మెడ మడతలు విడదీసి చూసింది, చంకలు చూసింది. ఒక్క పొక్కు లేదు. ఇంకోసారి మొదటి నుంచి చూసింది.

నా వైపు తిరక్కుండానే, పాపాయితో అంటున్నట్టు అంది.

"అయితే మా కారం సంగతేందంట? సగం పట్టి ఆపేశారు. మిగతా సగం కాయలుగానే మూలుగుతోంది. ఏడాదంతా ఏం తినాలి మేము?"

కోటేశ్వరి నా వైపు చూసింది. బెల్టు ఎంతసేపు, మళ్ళీ బిగించొచ్చు అన్నట్టుంది ఆ చూపు. కూలర్ అవసరం కూడా తీరిపోయింది.

"పక్కవీధిలో మర ఉంది చెల్లెమ్మా," అన్నాను. "బాగా పడతారంట."

ప్రసన్న కారు దగ్గర సంచీలు సర్దుతూ డిక్కీలోకి వంగి ఉంది. మొహం కనబడలేదు గాని, నవ్వాపుకుంటోందని దాని భుజాలు చూస్తే తెలిసింది.